ఇసెకాయ్ మరియు పాశ్చాత్య అద్భుత కథలు

ఇసెకాయ్ అనగా జపనీసు భాషలో "వేరొక లోకము" అని అర్థము. సామాన్య జీవితము గడుపుచున్న మనిషి ఏదో ఒక కారణముచేత వేరొక లోకమును చేరి, అచ్చట జీవించుటను చిత్రించు జపాను నవలలు, మాంగా మరియు అనిమే ఈ పేరుతో ప్రసిద్ధి చెందినవి. ఆంగ్ల సాహిత్యములో ఇటువంటి కథలకు పోర్టల్ ఫాంటసీ అను పేరు కలదు. 2024లో ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో ఇసెకాయ్ అను పదము చేర్చబడినది. ఆలిస్, ఓజ్, నార్నియా వంటి పాత పాశ్చాత్య కథలను కూడా ఇసెకాయ్ అనవచ్చునా అను ప్రశ్న తరచు చర్చకు వచ్చుచుండును. ఇసెకాయ్‌ను కేవలము ఒక కథావస్తువుగా చూచినచో అనవచ్చును; ఒక సాహిత్య సంప్రదాయముగా చూచినచో అనుట కష్టము.

కథావస్తువును బట్టి

లోకాంతర ప్రయాణము ఒక్కటే లక్షణమని అనుకొన్నచో పై కథలన్నియు ఇసెకాయ్ క్రిందికి వచ్చును. లూయీ కారల్ 1865లో ప్రచురించిన గ్రంథములో ఆలిస్ కుందేటి బొరియలో పడి అద్భుతలోకమును చేరును. 1900లో వెలువడిన ఎల్. ఫ్రాంక్ బామ్ కథలో డోరతిని సుడిగాలి ఓజ్ దేశమునకు కొనిపోవును. సి.ఎస్. లూయిస్ 1950లో ప్రచురించిన నార్నియా కథలో నలుగురు పిల్లలు బట్టల బీరువా గుండా ఆ లోకమున ప్రవేశింతురు.

అయితే ఈ నిర్వచనము మిక్కిలి విశాలమైనది. సముద్రగర్భములోని రాజభవనమునకు పోయి, తిరిగి వచ్చునప్పటికి తన కాలము వారందరు గతించియుండుట చూచిన ఉరషిమా తారో అను జాలరి కథ జపానులో ప్రాచీనమైనది. ఈ లెక్కన అదియు ఇసెకాయ్ అగును. అనేక దేశముల జానపద కథలు ఇందులో చేరిపోవును గనుక ఆ పదమునకు ప్రత్యేకత మిగలదు.

సంప్రదాయమును బట్టి

2004లో ప్రారంభమైన "షోసెట్సుకా ని నారో" అను జపాను వెబ్‌సైటులో ఔత్సాహిక రచయితలు ధారావాహిక నవలలు వ్రాయసాగిరి. నేటి ఇసెకాయ్ ఒరవడి చాలవరకు అచ్చట బలపడినది. 2012లో అందులో మొదలైన "ముషోకు టెన్సెయ్", "రీ:జీరో" ప్రసిద్ధ ఉదాహరణలు. ఇటువంటి నవలలలో సాధారణముగా కనిపించు లక్షణములు:

* నాయకుడు మరణించి వేరొక లోకములో పునర్జన్మ పొందుట, లేదా అచ్చటికి రప్పింపబడుట.
* ఆ లోకము మధ్యయుగపు ఐరోపాను, కంప్యూటరు ఆటలను పోలియుండుట.
* పూర్వ జీవితపు జ్ఞానము గాని, అసాధారణ శక్తి గాని నాయకునికి తోడ్పడుట.
* స్వస్థలమునకు తిరిగి పోవలెనను కోరిక బలహీనముగా ఉండుట.

ముఖ్య భేదము

పై వానిలో చివరిది ముఖ్యమైనది. ఆలిస్ నిద్ర నుండి మేల్కొనును. డోరతి కాన్సాస్ చేరుటకే మాంత్రికుని వెదకును. నార్నియాలో రాజులుగా, రాణులుగా పెరిగి పెద్దవారైనవారు తిరిగి వచ్చునప్పటికి మరల పిల్లలే అగుదురు. ఈ కథలలో వేరొక లోకము ఒక అనుభవము మాత్రమే, గమ్యము ఇల్లు. "ముషోకు టెన్సెయ్" నాయకుడు 34 ఏండ్ల నిరుద్యోగి. ఇంటినుండి గెంటివేయబడి, ట్రక్కు ఢీకొని మరణించి, పసికందుగా జన్మించును. అతనికి తిరిగి చేరుటకు ఇల్లే లేదు. కొత్త లోకము అతనికి రెండవ అవకాశము.

మధ్యస్థమైన రచనలు

పాశ్చాత్య కథలన్నియు ఒకే తీరున లేవు. మార్క్ ట్వేన్ 1889లో వెలువరించిన నవలలో ఒక ఆయుధ కర్మాగారపు ఉద్యోగి తలపై దెబ్బ తగిలి, 6వ శతాబ్దపు ఇంగ్లాండులో మేల్కొనును. సూర్యగ్రహణమును గూర్చిన జ్ఞానముతో మరణశిక్షను తప్పించుకొనును. అయితే అతడు చేరినది గతకాలమే గాని వేరొక లోకము కాదు. ఎడ్గార్ రైస్ బరోస్ 1912లో ధారావాహికగా వ్రాసిన కథలో జాన్ కార్టర్ అంగారక గ్రహముపై తక్కువ గురుత్వాకర్షణ వలన మహాబలుడగును. భూమికి తిరిగి వచ్చిన పిదప అంగారకుని కొరకే పరితపించును.

డోరతి సైతము ఎల్లకాలము కాన్సాస్‌లో ఉండలేదు. 1910 నాటి ఓజ్ పుస్తకములో, ఆమెను పెంచిన హెన్రీ, ఎమ్ దంపతులు పొలముపై తెచ్చిన అప్పు తీర్చలేకపోగా, ముగ్గురును ఓజ్‌లోనే స్థిరపడిరి. ఇల్లు నిలువనప్పుడు పాశ్చాత్య కథలోను తిరుగు ప్రయాణము ఆగిపోయినది.

కావున ఈ పాత కథలను ఇసెకాయ్ అనుటకంటె, దానికి ముందే పుట్టిన సజాతీయ రచనలు అనుట సమంజసము. వానిని పోల్చునప్పుడు నాయకుడు ఏ ద్వారము గుండా పోయెననుటకంటె, తిరిగి రాగోరెనా లేదా అనునది ఎక్కువ విషయమును తెలుపును.