దోషమును కొలుచు శాల

గణితమునకు ప్రయోగశాల యేల? 1913లో ఎడింబరో విశ్వవిద్యాలయమున విట్టేకర్ పండితుడు అట్టి శాలను నెలకొల్పెను. వర్గముల పట్టికలు, గుణకార పట్టికలు, సంవర్గమాన పట్టికలు—ఇవియే అందలి పరికరములు. సూత్రమునకు లొంగని సమీకరణమునకు ఉజ్జాయింపు విలువ రాబట్టి, అందలి దోషమెంతయో తేల్చుటయే అచటి విద్య.

నేడు పట్టికల స్థానమున కంప్యూటరు నిలిచినది; దోషము మాత్రము తొలగలేదు. మూడవవంతు దశాంశములలో ముగియనట్లే, పదవవంతు కంప్యూటరు వాడు 0, 1 అను రెండంకెలలో ముగియదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో అమెరికనుల పేట్రియట్ క్షిపణి రక్షణ యంత్రము సెకనులో పదవవంతులుగా కాలమును లెక్కించుచుండెను. ప్రతిసారి విడిచిన స్వల్పశేషము నూరు గంటలలో సుమారు 0.34 సెకనుగా పెరిగెను. వచ్చుచున్న క్షిపణిని యంత్రము పట్టుకొనలేకపోయెను. 28 మంది సైనికులు మరణించిరి.

జవాబు ప్రక్కన దోషపరిమితి వ్రాయుమని ఉపాధ్యాయుడు పట్టుపట్టుట ఛాందసము కాదు.