కోనసీమ గ్యాసు, కర్నూలు ఎండ

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావి అదుపు తప్పింది. లోపలి నుంచి తన్నుకొచ్చిన గ్యాసు భగ్గున అంటుకుంది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. విదేశీ నిపుణులను రప్పించినా మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. ‘బ్లోఅవుట్’ అంటే ఏమిటో కోనసీమలో చిన్నపిల్లలకు కూడా తెలిసింది అప్పుడే. పందొమ్మిదేళ్ల తర్వాత, 2014 జూన్ 27 తెల్లవారుజామున, అదే కోనసీమలోని నగరం అనే గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గొట్టం లోపల తుప్పు పట్టిందని విచారణలో బయటపడింది. ఆ గ్యాసు వెళ్తున్నది విజయవాడ దగ్గరి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి. కరెంటు తయారయ్యేది అక్కడ, ప్రాణాలు పోయింది ఇక్కడ.

చమురు, గ్యాసు మేలా, ఎండా గాలీ మేలా అన్న వాదన వచ్చినప్పుడల్లా పొగ గురించీ, భూమి వేడెక్కడం గురించీ మాట్లాడతారు. అది అవసరమే. కానీ తెలుగు నేల మీద ఈ వాదనకు మరో అధ్యాయం ఉంది, అది డబ్బుకు సంబంధించినది.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో కాకినాడ తీరానికి దూరంగా, కేజీ-డీ6 బ్లాకులో రిలయన్స్‌కు 2002లో భారీగా గ్యాసు దొరికింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని అంచనా వేశారు. 2010లో 6 కోట్లు దాటిందో లేదో, అక్కడి నుంచి పడిపోవడమే. 2013 నాటికి ఆ బావుల నుంచి విద్యుత్ కేంద్రాలకు సరఫరా ఆగిపోయింది. ఈ గ్యాసును నమ్ముకుని వేమగిరి, కొండపల్లి లాంటి చోట్ల కట్టిన, విస్తరించిన కేంద్రాలు పని లేకుండా నిలబడ్డాయి. వాటికి ఇచ్చిన అప్పులు బ్యాంకుల మెడకు చుట్టుకున్నాయి. బావి అడుగున ఎంత ఉందో తవ్వితే గానీ తెలియదు. దిగుమతి చేసుకుందామా అంటే ప్రపంచ మార్కెట్లో ధర ఎప్పుడు ఎగురుతుందో తెలియదు.

ఎండకు ఆ బెంగ లేదు. 2010 ప్రాంతంలో దేశంలో సౌర విద్యుత్ టెండర్లు యూనిట్‌కు పదకొండు, పన్నెండు రూపాయల దగ్గర ఉండేవి. 2015 నవంబరులో కర్నూలు పార్కు కోసం ఒక కంపెనీ రూ.4.63కే ఇస్తానంది. 2017లో కడప పార్కుకు రూ.3.15 పలికింది. అదే ఏడాది గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల ఆ కర్నూలు పార్కు పని మొదలుపెట్టింది. ప్యానెళ్లు బిగించాక ఇంధనం ఖర్చు ఉండదు. పాతికేళ్ల ధర ముందే తెలుస్తుంది. ఆ ధర కూడా గొడవ కాకుండా పోలేదు. మిగతా చోట్ల రేట్లు తగ్గాయి కదా అని 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత ఒప్పందాలను తిరగదోడబోయింది. రాసుకున్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తేల్చింది.

మరి చిక్కెక్కడ? సాయంత్రం దగ్గర. పొద్దు వాలాక ఇంటింటా లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు వేసుకునే వేళకు ప్యానెల్ చల్లబడి ఉంటుంది. 2025 జూన్ నాటికి దేశంలోని విద్యుత్ కేంద్రాల సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు అవసరం లేనిదే. అయినా నిజంగా తయారవుతున్న కరెంటులో నాలుగింట మూడు వంతుల దాకా బొగ్గు నుంచే వస్తోంది. సామర్థ్యం వేరు, రోజంతా అందే కరెంటు వేరు. ఎండను నిల్వ చేస్తే గానీ ఈ తేడా పూడదు. అందుకే నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టు తలపెట్టారు. పగలు మిగిలిన కరెంటుతో నీటిని పై జలాశయానికి తోడి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. తెలుగువాళ్లకు ఇది కొత్త విద్య కాదు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో, నాగార్జునసాగర్‌లో ఇటూ అటూ తిరిగే యంత్రాలు ఎప్పుడో బిగించారు.

ఇక్కడ ఒక సంగతి విడదీసి చూడాలి. మన దేశంలో చమురుతో కరెంటు తయారు చేసేది నామమాత్రమే. అది లారీలు, బస్సులు, ట్రాక్టర్ల కోసం. ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. వాహనాలు బ్యాటరీకి మారేదాకా కర్నూలు ఎండ డీజిల్ వాడకాన్ని పెద్దగా తగ్గించదు. గ్యాసు సంగతీ అంతే. ఒకప్పుడు బొగ్గుతో నడిచి 1999లో మూతపడ్డ రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 2021లో మళ్లీ తెరుచుకున్నది గ్యాసుతోనే. రైతుకు యూరియా కావాలంటే ప్రస్తుతానికి గ్యాసు కావాలి. ఉన్న కాస్త గ్యాసును ఎరువులకు, సాయంత్రపు కొరతకు అట్టేపెట్టి, మిగతా కరెంటును ఎండకు, గాలికి అప్పగించడమే తెలివైన పని.

అయితే ఎండ కరెంటుకు భూమి కావాలి. అనంతపురాన్ని ఆనుకుని ఉన్న, తెలుగు బాగా వినిపించే కర్ణాటక పట్టణం పావగడ. ఆ తాలూకాలో 2,050 మెగావాట్ల పార్కు కోసం దాదాపు 13 వేల ఎకరాలు తీసుకున్నారు. కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరాకు ఏటా 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వానలు మొహం చాటేసే ఆ నేలలో వేరుశనగ వేసి నష్టపోయిన రైతుకు ఇది పెద్ద ఊరట. ఆ పొలాల్లో కూలికి వెళ్లేవాళ్లకు మాత్రం పని పోయింది, గొర్రెలు మేపుకునేవాళ్లకు బీడు పోయింది. కౌలు డబ్బులో వాళ్లకు వాటా లేదు. రాయలసీమలో రాబోయే పార్కుల్లోనైనా కొనుగోలు బదులు కౌలు రావాలి. ఆ ఒప్పందంలోనే కూలీలకూ, కాపరులకూ ఏటా ఇంత అని రాయాలి. పార్కు పనుల్లో మొదటి హక్కు ఆ ఊళ్లవాళ్లకే ఉండాలి. యూనిట్‌కు ఒకటి రెండు పైసలు పెరిగినా పెట్టాల్సిన ఖర్చే అది.