పిట్టల పద్దు

పక్షులను ప్రేమించుట పట్టణవాసికి సులభము. పొలముగలవానికి అది కొంత ఖర్చుతో గూడిన పని. చూరునకు వరికుచ్చు గట్టి, పెరటిలో మూకుడుతో నీళ్ళుంచి, పిచ్చుకల రాకకై యెదురుచూచు రైతులు మన సభ్యులలో పలువురు గలరు. ఆ మూకుడులో కాకి స్నానమాడును. వరికుచ్చును ఉడుత దినును. పిచ్చుకయో, అతడు ప్రేమతో దెచ్చి తగిలించిన కొయ్యపెట్టెను విడిచి, విద్యుత్ మీటరు వెనుక గూడు గట్టును.

గిజిగాని సంగతి మరింత విచిత్రము. మగపిట్ట వరియాకు, తాటియాకు చీలికలతో సగము గూడల్లి ఆడుపిట్టకు జూపును. ఆమె మెచ్చినగాని పని ముందుకు సాగదు. మెచ్చనిచో దానిని సగములోనే విడిచి మరియొకటి యారంభించును. ఈ వేడుకను దగ్గరనుండి చూడగోరువాని దురదృష్టమేమో, ఆ గూడు తరచుగా బావిపైకి వంగిన తుమ్మకొమ్మకే వ్రేలాడుచుండును.

ఇక రామచిలుక. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2018లో దీనిని రాష్ట్రపక్షిగా ప్రకటించినది. ఆ గౌరవము దాని చెవి సోకినదో యేమో, జొన్నకంకియు, పొద్దుతిరుగుడు పువ్వును, జామకాయయు తన యినామే యని యెంచుచున్నది. తినుదానికంటె కొరికి పారవైచునదే అధికము. దిష్టిబొమ్మను నిలిపిన రెండు మూడు దినములు వెరచును. పిమ్మట ఆ బొమ్మ తలపైననే గోరువంక కొలువు దీరును. తెలంగాణ రాష్ట్రపక్షియైన పాలపిట్ట తక్కిన దినములలో తీగెలపై కనబడి, దసరానాడు వెదకినవారికి మాత్రము చిక్కదు. అందుకని దానిని పట్టి పంజరమున నుంచి దర్శనమునకు సొమ్ము గైకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము.

అయితే సంఘపు లెక్కలెఱిగినవారు ఖర్చువైపు మాత్రమే చదివి పుస్తకము మూయరు. జమవైపు నేమున్నదో చూడవలయును. పాలపిట్టయు, పసులపోలిగాడును మిడుతలను, పురుగులను దిని బ్రతుకును. గుడ్లగూబ రాత్రులందు ఎలుకలను వేటాడును. గింజలు దిను పిచ్చుకయు, గిజిగాడును గూడ తమ పిల్లలకు పురుగులను మేపును.

ఈ జమను లెక్కింపకున్న నేమగునో చైనాదేశము చూపినది. 1958లో అచ్చట ఎలుకలు, ఈగలు, దోమలతోపాటు పిచ్చుకలను గూడ నాలుగు పీడలలో జేర్చి, పళ్ళెములు మ్రోయించి, ఎచ్చటను వ్రాలనీయక తరిమి చంపిరి. పిమ్మట పైరులపై పురుగులు పెచ్చు పెరిగెను. 1960లో పిచ్చుకను ఆ పట్టికనుండి తొలగించి, దాని స్థానమున నల్లిని జేర్పవలసి వచ్చెను. ఆ యేండ్ల ఘోరక్షామమునకు ఇతర కారణములు పెక్కు గలవు. ఈ పిచ్చుకల వేటయు దానికి తోడైనది.

కావున సభ్యులారా, చేయదగినది చంపుట గాదు, వేళ నెఱిగి మెలగుట. శనగ, పత్తి చేలలో పురుగు కనబడినపుడు ఎకరమునకు 10 మొదలు 20 వఱకు పంగకఱ్ఱలు పాతిన యెడల, పసులపోలిగాడు వానిపై గూర్చుండి పురుగుల నేరుకొనును. జొన్న, సజ్జ, పొద్దుతిరుగుడు పైరులలో గింజ పాలుపోసుకొనునాటికి అట్టి కఱ్ఱలను దీసివేయవలెను; లేనిచో చిలుకకు పీటవేసి వడ్డించినట్లగును. అప్పుడు ఎఱుపు, వెండి రంగుల మెరుపు రిబ్బనును మెలిపెట్టి పైరునకు కొంచెము పైగా గట్టిన, ఎండకు మెరసి, గాలికి మ్రోగి పిట్టలను బెదరించును. ముందుగనే కట్టినచో వానికి అలవాటై ఫలము తగ్గును. ఇరుగుపొరుగువారు కూడబలుకుకొని ఒక్కమారు విత్తినచో, దండంతయు ఒక్కని చేనిపైననే వ్రాలదు. నష్టము పలువురకు పంచబడి స్వల్పమగును. సహకారము దీనియందును అక్కఱకు వచ్చును.

పక్షి మన సంఘమున వాటాధనము గట్టని సభ్యుడు. తెల్లవారకముందే వచ్చి అందరికంటె బిగ్గరగా మాటలాడును. అప్పు పుచ్చుకొనునపుడు చేవ్రాలు చేయదు. తీర్చునపుడు రసీదు అడుగదు.