రాస్కో బ్రౌన్: వైమానికుడు, విద్యావేత్త

మానవుని శక్తిసామర్థ్యాలను పుట్టుకతో కొలిచే దురాచారం ఏ ఒక్క దేశానికో పరిమితమైనది కాదు. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితులకు ప్రవేశం కల్పించాలని 1946లో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష పూనవలసి వచ్చింది. అంతకు అయిదేళ్ల ముందు, 1941లో, గుఱ్ఱం జాషువ రచించిన ‘గబ్బిలం’ కావ్యంలో ఒక అస్పృశ్యుడు తన మొరను శివునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకొన్నాడు. అదే సంవత్సరం అమెరికాలో నల్లజాతి యువకులకు యుద్ధవిమానాలు నడపడంలో శిక్షణ మొదలైంది. అంతవరకు ఆ దేశపు సైన్యంలో వారికి ఆకాశం నిషిద్ధం.

ఆ నిషేధానికి పాండిత్యపు ముసుగు కూడ ఉండేది. నల్లవారు బుద్ధిలోను, ధైర్యంలోను తెల్లవారికి తీసికట్టని 1925లో అమెరికా సైనిక యుద్ధ కళాశాల ఒక నివేదికలో తేల్చింది. పౌరహక్కుల సంఘాలు, నల్లజాతి పత్రికలు తెచ్చిన ఒత్తిడివల్ల ప్రభుత్వం అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో వారికి ప్రత్యేక శిక్షణకేంద్రాన్ని తెరిచింది. 1946 వరకు అక్కడ దాదాపు వెయ్యిమంది పైలట్లు శిక్షణ పొందారు. వారిలో ఒకరు రాస్కో బ్రౌన్.

బ్రౌన్ 1922 మార్చి 9న వాషింగ్టన్ నగరంలో జన్మించారు. 1943లో స్ప్రింగ్‌ఫీల్డ్ కళాశాలనుండి పట్టభద్రులై సైన్యంలో చేరారు. టస్కెగీలో శిక్షణ ముగించుకొని, ఇటలీ స్థావరంగా పోరాడుతున్న 332వ ఫైటర్ గ్రూపులో పనిచేశారు. విమానాల తోకలకు ఎర్రరంగు పూయడంవల్ల ఆ దళానికి ‘ఎర్రతోకలు’ అనే పేరు వచ్చింది. బాంబర్ విమానాలను శత్రువుల బారినుండి కాపాడడం వారి ముఖ్యవిధి. ఆ బాంబర్లు ఎగిరే ఎత్తు సుమారు 25,000 అడుగులు. అంటే మన ఉదయగిరి కొండకు దాదాపు ఎనిమిది రెట్లు.

1945 మార్చి 24న ఆ దళం బెర్లిన్ నగరంపైకి వెళ్లింది. రానుపోను దూరం సుమారు 1,600 మైళ్లు. ఎదురైనవి జర్మనీవారి జెట్ విమానాలు. వేగంలో అవి బ్రౌన్ నడిపే మస్టాంగ్ విమానాన్ని మించినవి. అయినా ఆయన శత్రువు చూపుకు అందని విధంగా క్రిందికి దిగి, అటునుండి పైకి లేచి, ఒక జెట్ విమానాన్ని కూల్చివేశారు. ఆ రోజు ఎర్రతోకల దళం కూల్చిన జెట్ విమానాలు మూడు.

యుద్ధానంతరం బ్రౌన్ పౌరవిమానాలు నడపాలని ఆశించి ఒక విమానయాన సంస్థకు దరఖాస్తు చేసుకొన్నారు. నల్లజాతివాడన్న కారణంగా ఆ సంస్థ ఆయనను తిరస్కరించింది. సైన్యంలో జాతివివక్షను తొలగించాలని 1948లో అధ్యక్షుడు ట్రూమన్ ఆజ్ఞ జారీచేసినా, సమాజంలోని తలుపులు అంత త్వరగా తెరుచుకోలేదు. ప్రతిభ ఉన్నంతమాత్రాన అవకాశం దక్కదని బ్రౌన్ స్వానుభవంతో గ్రహించారు. ఆయన విద్యారంగాన్ని ఎంచుకొని, 1951లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంనుండి డాక్టరేటు పొంది, అక్కడే ఆచార్యులై, నల్లజాతి చరిత్ర సంస్కృతుల అధ్యయనానికి ఒక సంస్థను నెలకొల్పారు.

1977 నుండి 1993 వరకు బ్రౌన్ న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ కమ్యూనిటీ కళాశాలకు అధ్యక్షులుగా ఉన్నారు. అది ముఖ్యంగా రెండేళ్ల కోర్సులు బోధించే ప్రభుత్వ కళాశాల. అక్కడ చేరేవారిలో పేదలు, వలస వచ్చిన కుటుంబాలవారు, ఇంటిలో తొలిసారిగా కళాశాల ముఖం చూసినవారు ఎక్కువ. ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్టప్రాంతాలలో వానను నమ్ముకొన్న సేద్యగాని ఇంటినుండి జూనియర్ కళాశాలకు వచ్చే విద్యార్థికి అటువంటి కళాశాల విలువ చెప్పనక్కరలేదు. చేరువలో కళాశాల లేకపోతే ఎందరి చదువులో పదవ తరగతితోనే ఆగిపోతాయి. తనకు ఒక తలుపు మూసుకొనిపోగా, బ్రౌన్ పదహారేళ్లపాటు వేలాదిమందికి తలుపులు తెరిచి ఉంచే పని చేశారు.

2007లో అమెరికా శాసనసభ టస్కెగీ వైమానికులను స్వర్ణపతకంతో గౌరవించింది. 2016 జులై 2న, 94 ఏళ్ల వయసులో, బ్రౌన్ కన్నుమూశారు. 1925నాటి నివేదిక అబద్ధమని ఆయన రెండుసార్లు నిరూపించారు. మొదటిసారి కొన్ని క్షణాలలో ఆకాశంలో. రెండవసారి కొన్ని దశాబ్దాలపాటు తరగతి గదులలో. వీటిలో రెండవదానికే ఎక్కువ ఓర్పు కావలసి వచ్చింది.