అతిధ్వని కంపనాలతో ప్లాస్టిక్ అతుకు: వేడి ఎక్కడ పుడుతుంది?

విత్తన ప్యాకెట్టు అతుకు వదులైతే లోపలి విత్తనం గాలిలోని తేమను గ్రహించి మొలకశక్తిని కోల్పోతుంది. అందువల్ల అతుకు నాణ్యతను విత్తన నాణ్యతలో భాగంగానే పరిగణించాలి. ప్లాస్టిక్‌ను అతిధ్వని కంపనాలతో అతికే పద్ధతిలో ఉష్ణం ఏ విధంగా జనిస్తుందో, దానిని ఎలా అదుపు చేయవచ్చో ఈ వ్యాసంలో వివరించడమైనది.

సినిమా ఫిల్ము చెప్పే పాఠం

ఈ పద్ధతి అవసరాన్ని తెలిపే మంచి ఉదాహరణ హైదరాబాదు ఫిల్మ్‌నగర్‌కు సుపరిచితమైన సినిమా రీలు. డిజిటల్ ప్రదర్శన రాకముందు చిత్రాలు 35 మి.మీ. ప్రింట్లుగా థియేటర్లకు చేరేవి. సెల్యులోజ్ ట్రైఎసిటేట్ ఫిల్ము తెగితే ద్రావకంతో కూడిన ఫిల్మ్ సిమెంటుతో అతికేవారు. ద్రావకం ఉపరితలాన్ని కరిగించి రెండు ముక్కలను ఏకం చేసేది. తరువాత వాడుకలోకి వచ్చిన పాలిస్టర్ ఫిల్ము ఈ సిమెంటుకు లొంగదు. దానికి అంటుపట్టీ గాని, అతిధ్వని స్ప్లైసర్ గాని వాడవలసిందే. స్ప్లైసర్‌లో సుమారు 0.12 మి.మీ. మందం గల పాలిస్టర్ పొరలు కంపనాల వల్లనే కరిగి కలుస్తాయి. బయటి నుంచి వేడి అందించనక్కర లేదు.

ఉష్ణం జనించే తీరు

యంత్రంలోని పీజో విద్యుత్ స్ఫటికాలు విద్యుత్ శక్తిని యాంత్రిక కంపనాలుగా మారుస్తాయి. సాధారణంగా 20 నుంచి 40 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంలో ఉండే ఈ కంపనాలను బూస్టర్ పెంచగా, లోహపు హార్న్ ప్లాస్టిక్‌కు అందిస్తుంది. హార్న్ కదలిక కొన్ని పదుల మైక్రాన్లు మాత్రమే. అయితే 20 కిలోహెర్ట్జ్ వద్ద అర సెకనులోనే 10,000 కంపనాలు పూర్తవుతాయి.

ఉష్ణ జననానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, స్పర్శాతలం వద్ద రెండు ఉపరితలాల మధ్య ఘర్షణ. ఇది ఆరంభ దశలో ముఖ్యమైనది. రెండవది, పదార్థం లోపలి ఘర్షణ. ప్లాస్టిక్‌కు స్థితిస్థాపకతతోపాటు స్నిగ్ధత కూడా ఉంటుంది. ప్రతి నొక్కుడులో గ్రహించిన శక్తినంతా అది తిరిగి ఇవ్వదు. కొంత భాగం పాలిమర్ గొలుసుల కదలికలో ఉష్ణంగా మారుతుంది. ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచితే ఆ చోటు వేడెక్కడం ఇటువంటిదే.

ఈ ఉష్ణం పౌనఃపున్యానికి, పదార్థపు నష్ట గుణకానికి, వికృతి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే ఇతర అంశాలు మారకుండా వికృతి రెట్టింపయితే ఉష్ణం నాలుగింతలవుతుంది. అందుకే వికృతిని అతుకు వద్ద కేంద్రీకరించడం కీలకం. గట్టి భాగాలపై సన్నని త్రిభుజాకారపు గట్టును, పలుచని పొరలకు గరుకు గీతలున్న దిమ్మెను ఇందుకోసమే వాడతారు. కరిగిన తరువాత కంపనాలు ఆపి, చల్లారేవరకు ఒత్తిడిని కొనసాగించాలి.

పదార్థాన్ని బట్టి తేడా

పాలిస్టైరీన్, ఏబీఎస్ వంటి అస్ఫటిక ప్లాస్టిక్‌లు క్రమంగా మెత్తబడతాయి కాబట్టి సులభంగా అతుకుతాయి. పాలిప్రొపిలీన్, పాలిస్టర్ వంటి పాక్షిక స్ఫటిక పదార్థాల్లో స్ఫటికాలను కరిగించేందుకు అధిక శక్తి కావాలి. మెత్తని పాలిథీన్ కంపనాలను మధ్యలోనే గ్రహిస్తుంది. కనుక హార్న్‌కు అతుకు దగ్గరగా ఉండాలి.

విత్తన ప్యాకింగ్‌లో ప్రాముఖ్యం

వేడి దవడల యంత్రంలో ఉష్ణం బయటి పొర నుంచి లోపలికి ప్రసరించాలి. అతిధ్వని పద్ధతిలో అది ప్రధానంగా అతుకు వద్దనే పుడుతుంది. హార్న్ అంతగా వేడెక్కదు. అతుకు స్థానంలో చేరిన పలుచని విత్తన ధూళిని కంపనాలు చాలావరకు పక్కకు తొలగిస్తాయి. దీనివల్ల అతుకులోని సన్నని కారుదారులు తగ్గుతాయి.

వరి విత్తనంలో తేమ మామూలు సంచుల్లో గరిష్ఠంగా 13 శాతం, ఆవిరి చొరబడని ప్యాకింగ్‌లో 8 శాతం ఉండవచ్చని విత్తన ధ్రువీకరణ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. అంతగా ఆరబెట్టిన విత్తనానికి అతుకు లోపిస్తే ఆ శ్రమ వృథా అవుతుంది.

సూచనలు

కంపన పరిమితి, ఒత్తిడి, కాలవ్యవధి అనే మూడింటినీ ప్రతి పొర రకానికి విడిగా నిర్ణయించాలి. ఒక్కసారి ఒక్క అంశాన్నే మార్చి ఫలితాన్ని నమోదు చేయాలి. శక్తి చాలకపోతే అతుకు ఊడుతుంది. ఎక్కువైతే పొర పలుచబడి అంచు వద్ద చిరుగుతుంది. ఖాళీ ప్యాకెట్టులో గాలి ఉంచి అతికి, నీటిలో ముంచి మెల్లగా నొక్కితే బుడగలు కారుదారిని చూపుతాయి. క్షేత్ర కేంద్రాల్లో ప్యాకింగ్ మొదలుపెట్టే ప్రతిసారీ ఈ పరీక్ష జరపడం శ్రేయస్కరం.