వివరము లేని ఫైలు – పుట్టుపూర్వోత్తరములు

మన విద్యార్థుల తలిదండ్రులలో వ్యాపారము నడుపువారును, వ్యాపార సంస్థలలో లెక్కలు వ్రాయువారును పలువురు గలరు. వెనుకటి చిట్టా ఆవర్జాలు నేడు కంప్యూటరులోనికి చేరినవి. చిట్టాలో వ్రాసినవాని దస్తూరి కనబడును. కంప్యూటరు ఫైలునకు దస్తూరి లేదు. గుమాస్తా మారిన పిదప, ఎవరు ఎందుకు ఏర్పరచిరో తెలియని డేటాబేసు ఫైలొకటి మిగిలిపోవుట కలదు. అక్కరలేనిదని చెరిపివైచినచో రావలసిన బాకీల పట్టిక దానితోనే పోవచ్చును. కావున అట్టి ఫైలు మూలమును కనుగొను విధమును ఇచట వివరించుచున్నాము.

ముందుగా ఫైలు తేదీలను వ్రాసికొని, నకలు తీసి, ఆ నకలునే పరీక్షింపవలెను. కొన్ని ప్రోగ్రాములు తెరచినంతనే ఫైలును మార్చివేయును. విండోసులో ఫైలు పుట్టిన తేదీకంటె మార్చిన తేదీ వెనుకటిదై యుండుట కలదు. ఇది పొరపాటు కాదు. సాధారణముగా ఆ ఫైలు వేరొకచోటినుండి నకలుగా వచ్చినదని దీని యర్థము. నకలునకు పుట్టిన తేదీ క్రొత్తదగును. మార్చిన తేదీ పాతదే నిలుచును.

పేరును మాత్రము నమ్మరాదు. పేరు చివర ‘డీబీ’ యని యున్న ఫైలు పారడాక్సుది కావచ్చును, ఎస్‌క్యూలైటుది కావచ్చును. బొమ్మల చిన్నరూపములను విండోసు దాచుకొను ‘థంబ్స్’ ఫైలైనను కావచ్చును. నమ్మదగినవి ఫైలు మొదటి బైట్లు. నకలును హెక్స్ ఎడిటరులో తెరచినచో అవి కనబడును. ఎస్‌క్యూలైట్ మూడవ రూపపు ఫైలు మొదటి 16 బైట్లలో తన పేరే చెప్పుకొనును. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ పాత ఫైలులో ‘స్టాండర్డ్ జెట్ డీబీ’ యనియు, 2007 నుండి వచ్చిన రూపమున ‘స్టాండర్డ్ ఏస్ డీబీ’ యనియు నుండును. డీబేస్ ఫైలులో 2, 3, 4 బైట్లు కడపటి మార్పు జరిగిన సంవత్సరమును, నెలను, దినమును తెలుపును. పిదప గడుల పేర్లు వరుసగా నుండును. ఆ పేర్లను చదివినచో అది సరకుల పట్టికయో, జీతముల లెక్కయో చాలవరకు తేలిపోవును.

ఇప్పుడు దానిని ఏ ప్రోగ్రాము వాడుచున్నదో మైక్రోసాఫ్ట్ వారి ఉచిత సాధనమగు ‘ప్రాసెస్ మానిటర్’ చూపును. వారము దినములు ఎవరును తాకలేదని చెరిపివేయరాదు. ఏడాదికొకమారు, మార్చి నెలాఖరు లెక్కలకే అక్కరపడు ఫైళ్లును గలవు.

తెలిసికొన్నదానిని కాగితముపై పెట్టుట కడపటి పని. తాటాకు ప్రతి వ్రాసిన మన పూర్వులు గ్రంథాంతమున తమ పేరును, సంవత్సరమును వ్రాయుట కలదు. ఫైలు ఏర్పరచువారు నేడు అట్టి నాలుగు పంక్తులు వ్రాసియుంచినచో, రేపు ఆ స్థానమునకు వచ్చు మన పిల్లలకు ఈ వెదకులాట తప్పును.