మహమ్మారి కాలంలో అనుబంధ పోషకాలు: లోపం, మోతాదు

కోవిడ్-19 కాలంలో విటమిన్ సి, విటమిన్ డి, జింక్ మాత్రలు రోగుల మందుల చీటీల నుండి ఆరోగ్యవంతుల దినచర్యలోకి ప్రవేశించాయి. పోషక లోపాన్ని పూరించడం వేరు, లోపం లేనివారిలో మోతాదును పెంచడం వేరు. ఈ భేదాన్ని ‘రోగనిరోధక శక్తి’ అనే ప్రచార పదం మరుగుపరచింది.

అమెరికాలో ఆసుపత్రిలో చేరనవసరం లేని 214 మంది వయోజన కోవిడ్ రోగులపై జరిపిన పరీక్షా ఫలితాలు 2021లో వెలువడ్డాయి. రోజుకు 8,000 మి.గ్రా. విటమిన్ సి, 50 మి.గ్రా. జింక్ గ్లూకోనేట్ విడివిడిగా ఇచ్చినా, కలిపి ఇచ్చినా లక్షణాలు తగ్గే వ్యవధిలో గణనీయమైన తేడా కనిపించలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పురుషులకు సూచించిన విటమిన్ సి రోజుకు 80 మి.గ్రా. మాత్రమే; ఆ పరీక్షలోని మోతాదు దీనికి నూరు రెట్లు. ఒక మోస్తరు జామపండు ఆ అవసరాన్ని తీర్చగలదు. బ్రిటన్‌లో సుమారు 6,200 మందిపై జరిగిన మరో పరీక్షలో, విటమిన్ డి తక్కువగా ఉన్నవారిని గుర్తించి మాత్రలు అందించినా కోవిడ్ సోకే అవకాశం తగ్గలేదు.

విటమిన్ సి అధికమైతే చాలావరకు మూత్రంలో పోతుంది. కొవ్వులో కరిగే విటమిన్ డి అలా కాదు. దేహంలో నిల్వ ఉండి, మితిమీరితే రక్తంలో కాల్షియాన్ని పెంచుతుంది. వారానికొకసారి వాడవలసిన 60,000 యూనిట్ల మోతాదును రోజూ వాడితే కలిగే ప్రమాదమిదే. అధిక జింక్ దీర్ఘకాలం వాడితే రాగి శోషణకు అడ్డుపడుతుంది. పైగా బహుళ విటమిన్ మాత్రలోనూ, విడి మాత్రలోనూ జింక్ ఉండవచ్చు. కనుక ‘వాడారా, లేదా’ అని మాత్రమే అడిగే సర్వే ప్రశ్నావళికి ఈ మొత్తం అందదు. మాత్రల పేర్లు, మోతాదు, ఎన్ని రోజులు, ఎవరి సలహాపై అన్నవి కూడా నమోదు కావాలి.